రెండో ట్యూబు

ఆ చలికాలంలో మా ఇంట్లో మొదటి దెబ్బ కొట్టింది నేనే. కొట్టింది నా తమ్ముణ్ణి. ఫ్యాను బెల్టుతో, మా షాపు ముందు, పట్టపగలు, రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా. తరవాత జరిగినవాటికి అదొక్కటే కారణమని నేననను. కానీ ఆ రోజుల సంగతి ఎవరెత్తినా నాకు ముందుగా వినపడేది సమీర్ వీపు మీద చొక్కా చిరిగిన చప్పుడే.

మాది ఏలూరులో టైర్ల షాపు. లారీ టైర్లు విప్పడం, పంక్చర్లు వెయ్యడం మా నాన్న నాటి నుంచీ ఉన్న పని. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయేసరికి సమీర్‌కి తొమ్మిదేళ్ళు. నాకప్పుడే పెళ్ళయింది. మాకు పిల్లలు కలగలేదు. నా భార్య నజ్నీన్ వాణ్ణే కొడుకనుకుంది. వాడికి జ్వరమొస్తే రాత్రంతా వాడి మంచం పక్కన నేల మీద పడుకునేది. వాడు పదో తరగతి తప్పితే నాకు చెప్పకుండా నాలుగు రోజులు దాచింది. వాడికి ఇరవై ఏడొచ్చాక కూడా వాడు తినేదాకా తను తినేది కాదు.

వానలు వెనకబట్టాక తాడేపల్లిగూడెం నుంచి ఒక కాలేజీ మేష్టారు షాపుకొచ్చి ఫోన్లో ఒక వీడియో చూపించారు. ఎక్కడో విదేశంలో ఒకాయన గాలి ట్యూబు మధ్యలో కూర్చుని, పాదాలకి బాతు కాళ్ళలాంటి రబ్బరు తొడుగులు వేసుకుని, నీళ్ళలో కాళ్ళాడించుకుంటూ చెరువు మధ్యకెళ్ళి గాలం వేస్తున్నాడు.

"ఇలాంటిదొకటి చేసిపెట్టగలరా అండీ?" అన్నారు మేష్టారు.

లారీ ట్యూబు తీసుకున్నాను. నజ్నీన్ దానికి రెక్సిను తొడుగు కుట్టింది. మధ్యలో కూర్చోవడానికి వెడల్పాటి పట్టీ, నడుముకి బెల్టు పెట్టింది. అంతా అయ్యాక నాకు మనసొప్పలేదు. ఒక్క ట్యూబు మీద మనిషి ప్రాణం ఎలా పెడతాం? అప్పుడు సమీర్ అన్నాడు, "భాయ్, వీపు వెనక ఆటో ట్యూబు ఒకటి విడిగా పెట్టు. ముందుది పేలినా వెనకది తేలుస్తుంది. ఆనుకోవడానికీ హాయిగా ఉంటుంది." అలాగే చేశాం. నెల తిరిగేసరికి తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కెళ్ళారు. బ్యాంకు ఉద్యోగులు, మందుల షాపువాళ్ళు, మేష్టర్లు. అందరూ కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పోటీ పెట్టమని నా మీద పడ్డారు.

నీళ్ళు చూపించింది చిన్నరాజు. అతనిది కొల్లేరు గట్టున నత్తలంక. చేపలు వేసుకొచ్చే ట్రాలీ ఆటోకి టైర్లు మా దగ్గరే మార్చేవాడు. పోటీ ఎలా ఉంటుందో చెబితే ముందు నవ్వాడు.

"కొరమీనుని పట్టి, బద్ద మీద పెట్టి కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారా? మరి పట్టడం దేనికండీ?"

"సరదా" అన్నాను.

అతని ముఖంలో నవ్వు పోయింది. "అయితే మా పాయలో పెట్టండి భాయ్‌గారూ."

నత్తలంక పక్కన కొల్లేట్లోంచి చీలి వచ్చే పాయ ఒకటుంది. మైలు పొడుగుంటుంది. తాతల నాటి నుంచీ ఊళ్ళో అందరూ అందులో వల వేసుకుని బతికారు. దానికి రెండు పక్కలా నాగదుర్గారావు చేపల చెరువులు. రెండేళ్ళ కిందట ఆయన పాయకి ఇటు చివర, అటు చివర వెదురు కట్టి వలలు బిగించి, లోపల చేపపిల్లల్ని పోసి, ఇది నా చెరువన్నాడు. దిగినవాళ్ళని కాపలావాళ్ళు కొట్టారు.

"మేం దిగితే కొడతారండీ. ఉద్యోగస్తులు, ఫోన్లున్నవాళ్ళు దిగితే కొట్టలేరు. ఆ ఫొటోలు పెట్టి తాసీల్దారుగారికి అర్జీ ఇస్తాను. పాయ అందరిదని తేలిపోద్ది."

నేను ఒప్పుకున్నాను. పోటీకి వచ్చేవాళ్ళకి మాత్రం ఈ గొడవంతా చెప్పలేదు. మంచి నీళ్ళు, పెద్ద కొరమీనులు అని మాత్రమే చెప్పాను.

సమీర్ నన్ను వారించాడు. వాడు ఆ నాగదుర్గారావు దగ్గరే పనిచేస్తున్నాడు. చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగుచెయ్యడం, ఆయన జీపు తోలడం. ఆయన వాడికి కొత్త బండి కొనిపెట్టాడు. పదిమందిలో "మన సమీరు" అని భుజం మీద చెయ్యేస్తాడు. మా షాపులో గ్రీజు చేతులతో పదేళ్ళు పనిచేసినా వాడికి ఆ మర్యాద దొరకలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

"వేరేచోట పెట్టు భాయ్. ఆయన మంచివాడే, కానీ ఆ పాయ జోలికి వెళితే ఊరుకోడు" అన్నాడు.

"నీళ్ళు ఆయన తవ్వించాడా?" అన్నాను.

మొదటి ఆదివారం ఇరవై రెండు ట్యూబులు దిగాయి. గట్టంతా జనం. పాంటు మడిచి, నడుముకి బెల్టులు బిగించుకుని, వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి దిగే ఉద్యోగస్తుల్ని చూసి ఊళ్ళో ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. చిన్నరాజు భార్య జ్యోతి అందరికీ ఇడ్లీలు వండింది. చిన్నరాజు కూడా ఒక ట్యూబులో కూర్చున్నాడు. దోనెలో నిలబడి వల విసిరే మనిషి, చిన్నపిల్లాడిలా కాళ్ళాడిస్తూ గుండ్రంగా తిరిగాడు. కిక్కిస పొదల అంచున కొరమీను ఎక్కడ ఉంటుందో అరిచి చెప్పాడు. తణుకు నుంచి వచ్చిన మందుల షాపాయనకి రెండడుగుల కొరమీను పడింది. కొలిచి వదిలేస్తే ఒక ముసలావిడ "అయ్యయ్యో" అని నెత్తి కొట్టుకుంది.

పదకొండింటికి గట్టు మీద తెల్ల కారు ఆగింది. నాగదుర్గారావు ఇస్త్రీ చొక్కాలో, చేతులు జోడించుకుంటూ దిగాడు.

"ఏవండీ ఫారూఖ్ గారూ, ముందొక్క మాట చెబితే టిఫిన్లు నేనే పెట్టించేవాణ్ణి కదండీ!"

"పర్లేదండీ, అయిపోయాయి."

"ఎంతమందైనా దిగండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక బ్యానరు మాత్రం కట్టండి. నాగదుర్గారావు గారి చెరువులో, వారి అనుమతితో, అని. అంతే."

చిన్నరాజు నీళ్ళోడుతూ గట్టెక్కాడు. "ఇది చెరువు కాదండీ. పాయండి. ఊరిదండీ."

నాగదుర్గారావు అతనివైపు చూడలేదు. నాతోనే అన్నాడు, "ట్యూబులు చాలా బాగున్నాయండీ. మనిషి కాళ్ళు కదపడమే తప్ప పరిగెత్తలేడు. జాగ్రత్తగా చూసుకోండి." మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్న ఐసు షెడ్డు దగ్గర చిన్నరాజుని నలుగురు పట్టుకున్నారు. కుడిచెయ్యి జీపు బానెట్ మీద పరిచి, వీల్ స్పానరుతో వేళ్ళ మీద కొట్టారు. చూపుడువేలు, మధ్యవేలు నుజ్జయిపోయాయి. నేను ఏలూరు ఆసుపత్రికి వెళ్ళేసరికి కట్టు కట్టి పడుకోబెట్టారు. జ్యోతి చీర కొంగంతా రక్తం.

"జీపు తోలింది మీ తమ్ముడండీ" అన్నాడు చిన్నరాజు. గొంతులో కోపం లేదు. "నన్ను కొట్టలేదు. బండి కూడా దిగలేదు. అద్దం ఎత్తుకున్నాడు."

షాపుకి వచ్చేసరికి సమీర్ కంప్రెసరు పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గోడకి వేలాడుతున్న పాత ఫ్యాను బెల్టు చేతికి దొరికింది. మొదటి దెబ్బకి టీ గ్లాసు పగిలింది. రెండో దెబ్బకి చొక్కా చిరిగింది. తరవాతవి లెక్కపెట్టలేదు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడే గాని నామీదికి ఎత్తలేదు.

"నేను కొట్టలేదు భాయ్! అల్లా సాక్షిగా నేను ముట్టుకోలేదు!"

"అద్దం ఎందుకు ఎత్తావురా?"

నజ్నీన్ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరింది. బెల్టు ఆమె మెడ మీద తగిలింది. అప్పుడు ఆగాను. సమీర్ లేచి, చొక్కా పీలికలు ఒంటికి చుట్టుకుని, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. చెరువుల దగ్గర కాపలా పాకలోనే ఉంటున్నాడని తరవాత తెలిసింది.

ఆ సాయంత్రం మెడకి కొబ్బరినూనె రాసుకుంటూ నజ్నీన్ ఒక్కటే మాటంది. "వాణ్ణి ఆయన దగ్గరికి మీరే తోలేశారండీ."

రెండో పోటీకి పన్నెండు మందే వచ్చారు. గ్రూపులో సగం మంది పేర్లు తీసేయించుకున్నారు. మేష్టారు నన్ను పక్కకి పిలిచి, "ఇది గొడవ నీళ్ళని మాకు ముందెందుకు చెప్పలేదండీ?" అని అడిగారు. ఆయన కాసేపు గట్టు మీద అటూ ఇటూ తిరిగి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ట్యూబు ఎత్తుకుని నీళ్ళలోకి నడిచారు.

గంట గడిచాక అవతలి గట్టు మీద నుంచి రాళ్ళు మొదలయ్యాయి. కోడిగుడ్డంత రాళ్ళు. మేష్టారి కణత చిట్లింది. బ్యాంకు కుర్రాడొకడు ఏడుస్తూ గుండ్రంగా తిరుగుతున్నాడు, ఎటు తోసుకోవాలో తెలియక. చిన్నరాజు ఎడమచేత్తో గాలం కర్ర పట్టుకుని తన ట్యూబుని అతనికి అడ్డంగా తెచ్చి ఆపాడు. అప్పుడు ఇవతలి గట్టు మీదున్న ఆడవాళ్ళు కదిలారు. జ్యోతి ముందు. మెరక ఉన్నచోట మోకాళ్ళ లోతు నీళ్ళలో పాయ దాటి, కాపలావాళ్ళ మీద పడ్డారు. చేపలు కోసే కత్తిపీటలు, చెప్పులు, తెడ్లు. ఒకడు జ్యోతి జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె వాడి ముంజేతిని పళ్ళతో పట్టుకుంది, కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. పోలీసులు వచ్చేసరికి గట్టు మీద పదకొండు మంది కూర్చుని ఎవరి రక్తం వాళ్ళు తుడుచుకుంటున్నారు.

ఎస్సై గారు రెండు పక్కలవాళ్ళ చేతా సంతకాలు పెట్టించుకున్నారు. చిన్నరాజు అర్జీ మాత్రం కదిలింది. మూడోదీ ఆఖరిదీ అయిన పోటీ ముగిశాక, ఆ వచ్చే మంగళవారం నాడు సర్వేయరు వచ్చి పాయ కొలుస్తాడని కబురొచ్చింది.

"ఈ ఒక్క ఆదివారం ఓపిక పట్టండి భాయ్‌గారూ. జనం నీళ్ళలో కనపడాలి. మనం మానేస్తే, చూశారా, ఎవరూ దిగని నీళ్ళేనండీ అని ఆయన రాయించేస్తాడు" అన్నాడు చిన్నరాజు.

"నీ చెయ్యి చూసుకో ముందు."

"ఎడంచెయ్యుంది కదండీ."

డిసెంబరు రెండో ఆదివారం మంచు బాగా పట్టింది. ఏడున్నరైనా పది బారల అవతల ఏముందో కనపడలేదు. పదిహేను ట్యూబులు దిగాయి. నేను గట్టు మీద కొలబద్ద, పేర్ల కాగితం పెట్టుకుని నిలబడ్డాను. కాళ్ళు నీళ్ళలో ఆడుతున్న చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. అంతా మంచులోనే.

తరవాత గాలి పోతున్న చప్పుడు వినపడింది. ముప్పై ఏళ్ళుగా నేను వింటున్న చప్పుడు. లారీ ట్యూబు ఒక్కసారిగా తెగితే వచ్చే బుస్సు. ఒకటి. వెంటనే ఇంకొకటి. అరుపులు మొదలయ్యాయి.

కిక్కిస పొదల్లోంచి రెండు దోనెలు వచ్చాయి. ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకున్న మనుషులు. మొదటి దోనెలో గెడ వేసేవాడు వేస్తుంటే, ముందున్నవాడు వంగి ఒక్కొక్క ట్యూబునీ పట్టుకుని కోస్తున్నాడు. మనుషులు ఒక పక్కకి ఒరిగిపోయి, వెనక ట్యూబుని కావలించుకుని కేకలు పెడుతున్నారు. "బెల్టు తీసెయ్యండి! వెనకదాన్ని వదలకండి!" అని అరుస్తూ నేను నీళ్ళలో పడ్డాను. నా వెనక ఊరు ఊరంతా దోనెలు తోసింది.

చిన్నరాజు అందరికంటే దూరంగా, వలకట్టు దగ్గర ఉన్నాడు. నేను ఈదుకుంటూ వెళుతుండగా అటు నుంచి పెద్ద బుస్సు వినపడింది. దాని వెనకే సన్నగా, ఈల వేసినట్టు, ఇంకొకటి. ఆటో ట్యూబుది. మంచు కొంచెం విడింది. దోనెలో నిలబడిన మనిషి గెడ పైకెత్తి కిందికి దించాడు. మళ్ళీ ఎత్తి మళ్ళీ దించాడు. చెక్క మీద కొట్టినట్టు వినపడింది.

నేను చేరేసరికి నీళ్ళ పైన ఏమీ లేదు. మునిగి వెతికాను. గుర్రపుడెక్క వేళ్ళు ముఖానికి చుట్టుకున్నాయి. రెక్సిను చేతికి తగిలింది. గాలి పోయిన తొడుగు నీళ్ళు పీల్చుకుని రాయిలా అయిపోయింది. నడుము బెల్టు బిగిసిపోయింది. విరిగిన వేళ్ళ చేత్తో అతను దాన్ని విప్పుకోవాలని చూసినట్టున్నాడు, కట్టు ఊడి నీళ్ళలో తేలుతోంది. బెల్టు తెంపి పైకి లాగేసరికి అతని తల ఒక పక్క మెత్తగా ఉంది.

గట్టు మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కాను. నోట్లో గాలి ఊదాను. జ్యోతి పక్కన కూర్చుని "లెగండి, లెగండి, ఇంటికెళ్దాం" అంటూనే ఉంది. ఎంతసేపు ఊదానో తెలియదు. మేష్టారు నా భుజాలు పట్టుకుని వెనక్కి లాగారు.

దోనె ఒకటి బోల్తా పడి, అందులోవాడొకడు ఊరివాళ్ళకి దొరికాడు. కర్రలతో, కాళ్ళతో తొక్కుతున్నారు. నేనూ వెళ్ళాను. వాడి ముఖం మీద తువ్వాలు లాగింది నేనే. సమీర్ కాదు. ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తన్నాను. దవడ ఒక పక్కకి వేలాడిపోయి, వాడు రక్తంతో పాటు పళ్ళు ఊశాడు. ఆ రోజు నేనేం చేశానో దాచి చెప్పడం నాకిష్టం లేదు.

కోసిన ట్యూబులన్నీ తీసుకొచ్చి గట్టు మీద వరసగా పడేశారు. పద్నాలుగు మందికి ముందు ట్యూబు మాత్రమే తెగింది. వెనకవి గట్టిగానే ఉన్నాయి. ఒక్క చిన్నరాజు ట్యూబుకే రెండూ తెగాయి. వంగి చూశాను. కోత ప్రతిదానికీ ఒకేచోట ఉంది, వాల్వు పక్కన, నెలవంకలా వంపుగా. పాత ట్యూబు నుంచి వాల్వు తీసుకోవాలంటే మేము అలాగే కోస్తాం. వంపు కత్తితో, ఒక్క లాగుడులో. వాడి చెయ్యి పట్టుకుని ఆ కోత నేర్పింది నేనే.

ఇంటికి ఫోన్ చేశాను.

"సమీర్ వచ్చాడా?"

"ఇప్పుడే వచ్చాడండీ. ఇన్నాళ్ళకి వచ్చాడు. స్నానం చేస్తున్నాడు." నజ్నీన్ గొంతులో సంతోషం. "అన్నం పెడుతున్నాను. మీరు వాణ్ణేం అనకండి."

"చిన్నరాజు పోయాడు" అన్నాను. "వాల్వు పక్కన కోశారు. అందరికీ ఒక్కటే. చిన్నరాజుకి రెండూ."

అటు నుంచి స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు మాత్రం వినపడింది. తరవాత ఫోన్ పెట్టేసింది.

నేను ఇల్లు చేరేసరికి ఒంటిగంట. నజ్నీన్, సమీర్ గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. గదికి బయట నుంచి గొళ్ళెం పెట్టి ఉంది. లోపల గోడ మీద గుద్దుతున్న చప్పుడు.

"కడుపు నిండా తిన్నాడు" అంది. "మారు అన్నం అడిగి వేయించుకున్నాడు. గదిలోకెళ్ళి పడుకున్నాక గొళ్ళెం పెట్టాను. పోలీసులకి ఫోన్ చేశాను. వస్తున్నారట."

ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఒళ్ళో చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"భాభీ, తలుపు తియ్యి!" లోపల నుంచి సమీర్. "ఊళ్ళోవాళ్ళు వస్తారు భాభీ, నన్ను చంపేస్తారు! నేను విజయవాడ పోతాను, తియ్యి!"

"వస్తే నేనున్నాను" అంది నజ్నీన్, తలుపువైపు తిరక్కుండానే.

పోలీసుల కంటే ముందు వాళ్ళే వచ్చారు. చేపల వ్యానులో పన్నెండు మంది. అందరి చేతుల్లోనూ గెడలు, ఇనప కడ్డీలు. ముందు చిన్నరాజు తమ్ముడు. అన్న రక్తం ఇంకా అతని బనీను మీద తడిగానే ఉంది. నేను టైరు లీవరు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"పక్కకి తప్పుకోండి భాయ్‌గారూ. మీతో మాకు పనిలేదు."

"పోలీసులు వస్తున్నారు. మేమే పిలిచాం" అన్నాను.

ఒకడు నన్ను తోశాడు. నేను లీవరుతో కొట్టాను. వాడి భుజం విరిగిన చప్పుడు నాకు వినపడింది. తరవాత నా నెత్తి మీద ఏదో పడి, నేల మీద పడ్డాను. కళ్ళలోకి రక్తం కారుతుండగా చూశాను. నజ్నీన్ కుర్చీలోంచి లేచి, గది తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ అటూ ఇటూ చాపి నిలబడింది.

"మీ మనిషిని చంపినవాడు లోపలే ఉన్నాడు" అంది. "నేనే గొళ్ళెం పెట్టాను. పారిపోనివ్వను. మిమ్మల్నీ లోపలికి వెళ్ళనివ్వను."

చిన్నరాజు తమ్ముడు కడ్డీ ఎత్తాడు. తలుపు మీద కొట్టాలనుకున్నాడో, ఆమెనే కొట్టాలనుకున్నాడో ఇప్పటికీ తెలియదు. ఆమె కదల్లేదు. కడ్డీ ఆమె కుడి మోచేతి మీద పడింది. ఆమె కేక వెయ్యలేదు. చెయ్యి కిందికి వేలాడిపోయింది, ఎడమచెయ్యి అలాగే చాపి ఉంచింది. అతను తన చేతిలో కడ్డీని చూసుకున్నాడు. కడ్డీ కింద పడేసి, మా గుమ్మంలోనే కూలబడి, అన్నని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

పోలీసులు వచ్చి సమీర్‌ని తీసుకెళ్ళారు. వ్యాను ఎక్కుతూ వాడు నజ్నీన్‌వైపు చూసి, "నువ్వా భాభీ?" అన్నాడు. అంతే.

ఆ తరవాతి వారం నత్తలంకలో ఏడు కాపలా పాకలు తగలబడ్డాయి. నాగదుర్గారావు చెరువు గట్టుకి గండి పడింది. ఆయన మనుషులు వచ్చి ఊళ్ళో దోనెలు పగలగొట్టారు. ఊరికి పోలీసు కాపలా పెట్టారు. సర్వే వాయిదా పడింది. నాగదుర్గారావు పేపరువాళ్ళతో, "పనివాళ్ళు వాళ్ళలో వాళ్ళు గొడవపడ్డారండీ. చనిపోయిన కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి" అన్నాడు. ఆయన పేరు కేసులో లేదు. దవడ విరిగినవాడూ నోరు విప్పలేదు, సమీరూ విప్పలేదు.

తలకి కట్టుతోనే జ్యోతిని చూడ్డానికి వెళ్ళాను. గుమ్మం ముందు చేపలు ఎండేస్తోంది. నన్ను చూసి లేచి, అరుగు మీద కూర్చోమని చెయ్యి చూపించింది.

"మీ తమ్ముణ్ణి క్షమించమని మాత్రం నన్ను అడక్కండి అన్నయ్యగారూ."

"అడగడానికి రాలేదమ్మా. పోటీ అక్కడ పెట్టింది నేను. అది చెప్పుకోవడానికి వచ్చాను."

ఆమె చేపని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పింది. "ఆయనే అడిగారు కదండీ మిమ్మల్ని. నాకు తెలుసు. ఇద్దరూ కలిసే చేశారు." చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది, "రెండో ట్యూబు కొయ్యమని ఎవరన్నారో ఆ అబ్బాయికి తెలుసు. అది చెప్పమనండి. నాకింకేం వద్దు."

ఆ మాట నజ్నీన్‌కి చెప్పాను. మోచేతిలో రాడ్డు వేసి, ప్లాస్టర్ కట్టి ఆమెని ఇంటికి పంపారు. ప్రతి శుక్రవారం నేను జైలుకి వెళ్ళేవాణ్ణి. సమీర్ మొదట అడిగేది, "భాభీ వచ్చిందా?" అనే.

"రాదు" అన్నాను ఆ శుక్రవారం. "రెండో ట్యూబు కొయ్యమని ఎవరన్నారో నువ్వు మేజిస్ట్రేటు గారి ముందు చెప్పాకే వస్తానంది."

వాడు కమ్మీలు వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. మరుసటి శుక్రవారం నన్ను చూడ్డానికి రానన్నాడు. ఆ పై శుక్రవారం వచ్చాడు. గడ్డం పెరిగింది.

"జీపులో ఆయనే చెప్పాడు భాయ్" అన్నాడు, ఏదీ అడక్కముందే. "అందరివీ ముందువి కొయ్యండి, భయపడితే చాలు అన్నాడు. చిన్నరాజుది మాత్రం రెండూ కొయ్యమన్నాడు. వాడు మంగళవారం దాకా ఉండకూడదన్నాడు."

"విన్నావా?"

"విన్నాను."

"విని కోశావా?"

"ముందుది కోశాను. చిన్నరాజు నా కళ్ళు గుర్తుపట్టాడు. సమీర్ బాబూ, చాలు, వెళ్ళిపో అన్నాడు. వెనక నుంచి కొయ్యరా అని అరిచారు." వాడు నుదురు కమ్మీలకి ఆనించాడు. "కోశాను భాయ్."

నాకు వాణ్ణి కొట్టాలనిపించలేదు. మధ్యలో కమ్మీలున్నందుకు కాదు. కొట్టడానికి వాడిలో ఇంకేమీ మిగిలినట్టు కనపడలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మేజిస్ట్రేటు గారి ముందు వాడు వాంగ్మూలం ఇచ్చాడు. తన పేరుతో మొదలుపెట్టి, జీపులో ఉన్న ఐదుగురి పేర్లు చెప్పాడట. మూడో రోజున నాగదుర్గారావుని తెల్ల కారులోంచి దించి తీసుకెళ్ళారు. ఆయన లాయర్లు పెద్దవాళ్ళు, ఏమవుతుందో తెలియదు. ఫిబ్రవరిలో సర్వేయరు వచ్చి పాయ కొలిచాడు. వెదురు పీకేశారు. ఆ రోజు జ్యోతి దోనె వేసుకుని ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కతే తోసుకుంటూ వెళ్ళి వచ్చిందని మేష్టారు ఫోన్ చేసి చెప్పారు.

తరవాతి శుక్రవారం నజ్నీన్ తెల్లవారుజామునే లేచింది. ఎడమచేత్తో బియ్యం కడిగింది. నేను సాయం వస్తే వద్దంది. జైలు గేటు దగ్గర పేరు రాసి, వేలిముద్ర వేసి, అన్నం క్యారియరు పట్టుకుని తను ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేను బయట గోడ నీడలో నిలబడ్డాను. పావుగంట గడిచింది. తను బయటికి వచ్చి, నా పక్క నుంచి నడిచి రోడ్డు దాకా వెళ్ళింది. వెనకే వెళ్ళాను. ఏం మాట్లాడుకున్నారని అడగాలో లేదో తెలియలేదు.

ఆటో కోసం ఎదురుచూస్తూ, రోడ్డువైపు చూస్తూనే అంది.

"చాలా చిక్కిపోయాడండీ."